సంచిలో పాము

1974 వేసవిలో అమెరికా తూర్పు తీరాన, మార్తాస్ విన్‌యార్డ్ అనే దీవి పక్కన, ఒక సినిమా బృందం యంత్రపు సొరచేపను సముద్రంలోకి దించింది. అది బుడుంగున మునిగి అడుక్కి పోయి కూర్చుంది. పైకి లాగి, బాగుచేసి మళ్లీ దించారు. ఈసారి ఉప్పునీరు లోపలి సరంజామాను తినేసింది. అలాంటి చేపలు మూడు చేయించారు. మూడింటినీ కలిపి బ్రూస్ అని పిలిచేవారు. అది దర్శకుడి లాయరు పేరు. 55 రోజుల్లో ముగియాల్సిన షూటింగ్ 159 రోజులు సాగింది. దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్‌కి అప్పటికి ఇరవై ఏడేళ్లు. ఇక తన పని అయిపోయిందనే అనుకున్నాడు.

చేప మొరాయించినప్పుడల్లా, చేప లేకుండా ఏం తీయొచ్చో వెతుక్కున్నారు. కెమెరాను నీటిమట్టానికి దించారు. సొరకు గుచ్చిన ఈటెకు పసుపుపచ్చ పీపా కట్టి, ఆ పీపా నీళ్ల మీద పరుగెత్తడం చూపించారు. ఒక సన్నివేశంలో ఇద్దరు మనుషులు రాత్రిపూట రేవులోని చెక్కవంతెన చివర నిలబడి, పెద్ద మాంసం ముక్కను ఎరగా వేస్తారు. సొర ఎరతోపాటు వంతెన కొసను కూడా పీక్కుని పోతుంది. మనకు కనబడేవి నీళ్ల మీద దూరంగా కొట్టుకుపోతున్న చెక్కలు మాత్రమే. పోయిపోయి ఆ చెక్కలు ఆగుతాయి. మెల్లగా వెనక్కి తిరుగుతాయి. నీళ్లలో పడిపోయిన మనిషి వైపు రావడం మొదలుపెడతాయి. పన్ను లేదు, రెక్క లేదు, రక్తపు చుక్క లేదు. అయినా చూసేవాడు కుర్చీలో కాళ్లు పైకి లాక్కుంటాడు.

124 నిమిషాల సినిమాలో సొర తల సరిగ్గా కనబడేసరికి ఎనభై నిమిషాలు గడిచిపోతాయి. 1975 జూన్ 20న విడుదలైన ఆ ‘జాస్’ అప్పటిదాకా ఏ సినిమాకూ రానంత డబ్బు చేసుకుంది. కూర్పు, సంగీతం, శబ్దం, మూడింటికీ ఆస్కార్లు వచ్చాయి. చేప పాడవడమే ఆ సినిమాకు కలిసొచ్చిందని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే. కానీ ఆ మాటతో అసలు ప్రశ్న తీరదు. మనుషుల్ని తినే చేప సినిమా అని టికెట్టు కొన్నవాడికి గంటకు పైగా చేపను చూపించకపోతే విసుక్కుని లేచిపోవాలి కదా. లేవకపోగా, ముందుకు వంగి కూర్చున్నాడు. ఎందుకని? దీనికి జవాబు సినిమా పుస్తకాల్లో కంటే జంతుశాస్త్రంలో బాగా దొరుకుతుంది.

ఏదైనా విన్నాడంటే తనే చేసి చూస్తే గాని చార్లెస్ డార్విన్‌కి నిద్ర పట్టేది కాదు. కోతులకు పాములంటే ప్రాణభయమనీ, అయినా పాములున్న పెట్టె మూత ఎత్తి చూడకుండా అవి ఉండలేవనీ జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు బ్రెహ్మ్ రాశాడు. డార్విన్ లండన్ జూలో కోతులుండే చోటికి వెళ్లాడు. ముందు ఒక చచ్చిన పాము తోలులో ఏదో కూరి చుట్టచుట్టి పెట్టినదాన్ని తీసుకెళ్లాడు. కోతులు గగ్గోలు పెట్టాయి. తర్వాత ఒక కాగితం సంచిలో బతికున్న పామును వేసి, మూతి వదులుగా మూసి, కోతుల గదిలో నిలబెట్టాడు. ఒక కోతి జాగ్రత్తగా దగ్గరికొచ్చింది. మూతి కాస్త తెరిచి తొంగిచూసింది. ఒక్క దూకు దూకి పారిపోయింది. కథ అక్కడితో అయిపోవాలి. అవలేదు. దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి వచ్చాయి. తల పైకెత్తి, ఒక పక్కకు వంచి, అడుగున కదలకుండా పడున్న ఆ భయంకరమైన వస్తువును ఒక్క క్షణం చూసి పోసాగాయి. 1871లో వచ్చిన ‘డిసెంట్ ఆఫ్ మ్యాన్’లో డార్విన్ ఈ ముచ్చట చెప్పాడు.

పారిపోవడం ఒక్కటే భయం చేసే పని అయితే రెండో కోతి రాకూడదు. వచ్చిందంటే, భయపెట్టే జంతువు గురించి కోతికి రెండు కోరికలు ఉన్నాయన్నమాట: దాన్నుంచి దూరంగా ఉండాలి, అది ఎక్కడుందో ఎలా ఉందో తెలియాలి. చంపే జంతువుల సినిమాలు బతుకుతున్నది ఈ రెండో కోరిక మీద అని నా వాదన. జనం భయపడటానికి వెళతారని అందరూ అంటారు. నాకు తెలిసి వాళ్లు చూడటానికి వెళతారు. భయం ఆ చూపుకు చెల్లించే వెల.

ఇది ఒక్క కోతుల సంగతే కాదు. టాంజానియాలోని సెరెంగెటి మైదానంలో థామ్సన్ గజెల్ అనే చిన్న జింకలు చీతాను చూడగానే పారిపోతాయని మనం అనుకుంటాం. చాలాసార్లు అవి చీతా వైపే నడుస్తాయి. కళ్లప్పగించి చూస్తూ, అది కదిలితే కదులుతూ, కొంతదూరం దాని వెంటే పోతాయి. క్లేర్ ఫిట్జ్‌గిబ్బన్ అనే పరిశోధకురాలు ఈ అలవాటును లెక్కలు కట్టి, 1994లో ప్రచురించింది. తమను చూసేశారని తెలిసిన చీతా ఇక అక్కడ వేట సాగదని ఆ చోటు వదిలి పోతుంది. పనిలో పనిగా, వేటాడే మృగం ఎలా నడుస్తుందో, ఆకలిగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో జింకలకు తెలిసొస్తుంది. గుంపు పెద్దదై, గడ్డి పొట్టిగా ఉన్నచోట ఈ సాహసం ఎక్కువ. పొడుగు గడ్డిలో, ఇంకో మృగం పొంచి ఉండే వీలున్నచోట తక్కువ. చుట్టూ మనవాళ్లు, ఎదురుగా కనుచూపు మేర ఖాళీ: సినిమాహాలు కూడా ఇంతే కదా.

జింకకు ఈ చూపు వల్ల ప్రాణం పోయే అవకాశం కొద్దిగా ఉంది. మనకు అది కూడా లేదు.

సరే, ప్రమాదాల గురించి తెలుసుకోవాలనే తపన అయితే లారీల మీద, కరెంటు తీగల మీద సినిమాలు రావాలి. ఈ రోజుల్లో మనల్ని చంపేది రోడ్డు గాని పులి కాదు. 2007లో జాషువా న్యూ, లీడా కాస్మిడిస్, జాన్ టూబీ ఒక ప్రయోగం చేశారు. ఒక ఫోటో, దానిలో ఒక్క వస్తువు మాత్రం మాయమైన ఇంకో ఫోటో, ఈ రెంటినీ మార్చి మార్చి చూపించి, తేడా కనిపెట్టమన్నారు. మాయమైంది జంతువో మనిషో అయితే చూసేవాళ్లు చప్పున పట్టేశారు. వాహనమైతే ఆలస్యం చేశారు, చాలాసార్లు అసలు కనిపెట్టలేకపోయారు. రోజూ చూసేవి, చూడకపోతే ప్రాణం మీదికొచ్చేవి వాహనాలే. అయినా కంటికి ఇంకా జంతువుదే మొదటి వరుస. కళ్లు పాతకాలపు అడవిలో తయారైనవి, వాటికి హైవే సంగతి ఇంకా అందలేదు.

ఇది స్పీల్‌బర్గ్‌కి తెలుసనిపిస్తుంది. ‘జాస్’ కంటే ముందు, 1971లో, టీవీ కోసం ‘డ్యూయెల్’ తీశాడు. ఎడారి రోడ్డు మీద ఒక కారును తుప్పుపట్టిన ట్యాంకర్ లారీ తరుముతుంది, అంతే కథ. డ్రైవరు మొహం చూపించలేదు. అంటే లారీని జంతువును చేసేశాడు. చివర అది కొండ మీంచి పడిపోతున్నప్పుడు వినబడేది ఇనుము చప్పుడు ఒక్కటే కాదు, అందులో ఒక పాత రాక్షసజంతువు గర్జన కలిపారు. అదే గర్జన ‘జాస్’ చివర సొర మునిగిపోయేటప్పుడూ వినిపిస్తుంది.

జంతువును ముందు చూసే ఈ పాత అలవాటు ఊరికే రాలేదు. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ దగ్గర స్వార్ట్‌క్రాన్స్ అనే గుహ ఉంది. అక్కడ దొరికిన ఒక పుర్రె ముక్కకు ఎస్‌కే 54 అని నెంబరు వేశారు. మన వంశానికి దాయాది అయిన పారాంత్రోపస్ జాతి పిల్లదది, పదిహేను లక్షల ఏళ్లకు పైబడిన వయసు. తల వెనక భాగంలో రెండు గుండ్రటి రంధ్రాలున్నాయి. ఒకడి తల మీద ఇంకొకడు ఆయుధంతో దాడి చేశాడని అప్పట్లో కొందరు అనుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. మనిషి పుట్టుకతో హంతకుడు అనే కథ ఆ రోజుల్లో బాగా చెల్లుబాటయ్యేది. చార్లెస్ బ్రెయిన్ అనే శాస్త్రవేత్త అదే గుహలో దొరికిన చిరుతపులి దవడను తెచ్చి, కింది కోరపళ్లను ఆ రంధ్రాల ముందు పెట్టి చూశాడు. రెండు పళ్లూ రెండు రంధ్రాల్లో సరిగ్గా కూర్చున్నాయి. చిరుత ఆ పిల్లను తల పట్టి ఈడ్చుకుపోయి చెట్టెక్కించి ఉంటుంది, తినగా మిగిలిన ఎముకలు గుహలోకి రాలి ఉంటాయి. 1924లో దొరికిన ప్రసిద్ధమైన టాంగ్ పిల్ల పుర్రె మీదా ఇలాంటి గుర్తులే ఉన్నాయి. అది గద్దజాతి పెద్ద పక్షి పని అని లీ బర్గర్, రాన్ క్లార్క్ వాదించారు. మన పూర్వీకులు వేటగాళ్లవకముందు చాలాకాలం ఇంకొకరికి మేత. దక్షిణాఫ్రికా గుహల ఎముకల్లో ఈ సంగతి ముద్ర వేసి ఉంది.

అలాగని భయం మనతో పుట్టిందని చెప్పేయడం తొందరపాటు. ప్రయోగశాలలోనే పుట్టి పెరిగిన రీసస్ కోతులకు పామును చూపిస్తే అవి పట్టించుకోవు. అడవిలో పుట్టినవి మాత్రం హడలిపోతాయి. 1980లలో సూసన్ మినెకా, మైఖేల్ కుక్ ఈ పెంపుడు కోతులకు వీడియోలు వేసి చూపించారు. అడవి కోతి పామును చూసి భయపడుతున్న వీడియో చూశాక, ఇవి కూడా బొమ్మపామును చూసి భయపడటం నేర్చుకున్నాయి. ఇక్కడే వాళ్లొక తమాషా చేశారు. అదే కోతి, అదే భయం, కానీ టేపు కత్తిరించి అతికించి పాము ఉన్నచోట పూలు పెట్టారు. పూలను చూసి ఒక కోతి వణికిపోతున్నట్టు తెర మీద కనిపిస్తుంది. చూసిన కోతులకు పూలంటే భయం పట్టుకోలేదు. బొమ్మ మొసలితో నేర్చుకున్నాయి, బొమ్మ కుందేలుతో నేర్చుకోలేదు. ఎడిటింగు టేబుల్ మీద ఏం చేసినా కుందేలు విలన్ కాలేదు. (కుందేళ్లను నరభక్షకులుగా చూపిస్తూ 1972లో ‘నైట్ ఆఫ్ ద లీపస్’ అని హాలీవుడ్‌లో నిజంగానే ఒక సినిమా వచ్చింది. జనం నవ్వుకున్నారు. మినెకా కోతులను ముందుగా అడిగి ఉంటే నిర్మాతకు డబ్బు మిగిలేది.)

పసిపిల్లల విషయమూ ఇలాంటిదే. వెనెసా లోబ్యూ, జూడీ డెలోష్ తొమ్మిదేసి బొమ్మలు తెర మీద పెట్టి చూస్తే, మూడేళ్ల పిల్లలు కూడా పూల మధ్య పామును చప్పున వెతికి పట్టుకున్నారు. ఏడాది నిండని పిల్లలు, వెనక నుంచి భయపడే గొంతు వినిపించినప్పుడు, పాము కదిలే వీడియోను ఎక్కువసేపు చూశారు. ఏడవలేదు, దాక్కోలేదు. చూశారు, అంతే. కాబట్టి మనం వెంట తెచ్చుకునేది భయం కాదు, శ్రద్ధ. ఏ జంతువుకు ఎంత భయపడాలో పక్కవాళ్ల ముఖం చూసి నేర్చుకుంటాం. సినిమాలో ఆ పక్కవాడి ముఖం క్లోజప్‌లో ఉంటుంది. ‘జాస్’లో సొర మొదటిసారి నీళ్లలోంచి లేచినప్పుడు పోలీసు అధికారి వెనక్కి జరిగి నిటారుగా నిలబడిపోతాడు, మొహంలో నెత్తుటి చుక్క ఉండదు. ఆ సినిమాలో నన్ను భయపెట్టింది రబ్బరు చేప కాదు, ఆ మొహం.

చెవి సంగతి కంటికి తీసిపోదు. కొలరాడో కొండల్లో మార్మోట్ అనే బొద్దు ఉడుతలను ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన డేనియల్ బ్లమ్‌స్టీన్‌కి, చేతికి చిక్కిన మార్మోట్ పిల్ల అరిచే అరుపులో ఏదో ప్రత్యేకత ఉందనిపించింది. ప్రాణభయంతో అరిచే జంతువు గొంతు పట్టుతప్పుతుంది. స్వరం ఉన్నట్టుండి ఎగిరి, విరిగి, గరగరలాడుతుంది. ఆయన బృందం 102 సినిమాల శబ్దాలను విశ్లేషించి 2010లో ఒక వ్యాసం రాసింది. భయానక చిత్రాల్లో గరగరలాడే అరుపులు మామూలుగా ఊహించే దానికంటే ఎక్కువ. సంగీత దర్శకులకు మార్మోట్ల గురించి ఎవరూ పాఠం చెప్పలేదు. తమ వెన్నులో ఏది చలి పుట్టించిందో దాన్నే పెట్టుకున్నారు. 1954 నాటి జపాన్ ‘గాడ్జిల్లా’ గర్జన, పెద్ద డబుల్ బేస్ వాయిద్యం తీగ మీద జిగురు పూసిన తోలు చేతొడుగుతో రుద్దగా వచ్చినది. ‘జురాసిక్ పార్క్’లో టైరనోసారస్ గొంతులో ఏనుగు పిల్ల ఘీంకారం ఉంది. ఆ సినిమాలోని రాప్టర్ల అరుపుల్లో కొన్ని జతకట్టే తాబేళ్లవి. ఇది తెలిశాక రాప్టర్లు పిల్లల కోసం వెతికే వంటింటి సన్నివేశం చూడటం కాస్త ఇబ్బందే.

ఇంతకీ ఇందులో సుఖం ఏమిటి? డెన్మార్క్‌లోని వైలె పట్టణంలో డబ్బు తీసుకుని జనాన్ని భయపెట్టే ఒక భూతాల ఇల్లు ఉంది. ఆర్హస్ విశ్వవిద్యాలయంలోని మథియాస్ క్లాసన్, మార్క్ ఆండర్సన్ బృందం 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు తగిలించి ఆ ఇంట్లోకి పంపింది. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం, భయం బొత్తిగా తక్కువైతే ఆనందం లేదు, మితిమీరితే ఆనందం లేదు. మధ్యలో ఒక చోట గరిష్ఠంగా ఉంది. బాగా ఆనందించినవాళ్ల గుండె పిచ్చిగా పరుగెత్తలేదు, మామూలు వేగానికి అటూ ఇటూ చిన్నచిన్నగా ఊగింది. డాల్ఫ్ జిల్మన్ అనే మనస్తత్వవేత్త ఇంకో పక్క నుంచి చెప్పాడు: భయం తొలగినా ఒంట్లో ఎక్కిన ఉద్రేకం వెంటనే దిగదు, తర్వాత వచ్చే ఊరటకు ఆ ఉద్రేకమే తోడై ఊరటను రెట్టింపు చేస్తుంది. రెండూ నిజమే అయి ఉండొచ్చు. కానీ రెండూ ఏ భయానికైనా, దయ్యానికైనా పులికైనా, ఒకేలా వర్తిస్తాయి. పులికే ప్రత్యేకమైనది ఏమిటన్న ప్రశ్నకు నేను మళ్లీ డార్విన్ సంచి దగ్గరికే వస్తాను.

మన ఊళ్లలో దసరాకో పీర్ల పండక్కో పులివేషం కట్టేవాళ్లుంటారు. ఒంటినిండా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, నడుముకు తోక. డప్పు మోగుతుంటే వేషగాడు నాలుగు అడుగులు వేసి, ఉన్నట్టుండి పిల్లల గుంపు మీదికి దూకుతాడు. పిల్లలు చెల్లాచెదరవుతారు. అరుగుల వెనక, అమ్మ కొంగు వెనక దాక్కుంటారు. అర నిమిషంలో అందరూ తిరిగి అక్కడే ఉంటారు, ఇందాకటి కంటే ఒక అడుగు ముందుకే. అది పక్కవీధి మనిషేనని ప్రతి పిల్లకూ తెలుసు. తెలిసినా కాళ్లు ఆగవు. డార్విన్‌కీ ఇదే జరిగింది. జూలో మందపాటి అద్దానికి మొహం ఆనించి, అవతలి విషసర్పం కాటేసినా కదలకూడదని ఒట్టు పెట్టుకున్నాడట. పాము అద్దాన్ని కొట్టగానే ఒకటి రెండు గజాలు వెనక్కి ఎగిరిపడ్డాడు. అంతటి బుద్ధిమంతుడి బుద్ధి అద్దం ముందు ఎందుకూ పనికిరాలేదు.

ఈ లెక్కను తిరగేసి చూపించిన సినిమా తెలుగులోనే ఉంది. 2012లో వచ్చిన రాజమౌళి ‘ఈగ’లో చంపే జంతువు హీరో, చచ్చేవాడు మనిషి. ఈగను చూసి మన శరీరం ఏ కోశానా భయపడదు, మహా అయితే చెయ్యి విసురుతుంది. అందుకని కెమెరాను ఈగ ఎత్తుకు దించి, మనిషిని కొండంత మృగంగా మార్చాడు దర్శకుడు. విదేశీ సినిమాల్లో సొరకు, మొసలికి ఉండే భారీకాయం ఇక్కడ విలన్ సుదీప్‌కి వచ్చింది. ఆ తర్వాత నెమ్మదిగా పాత్రలు తారుమారవుతాయి: ఎక్కడుందో కనబడనిది, చప్పుడు మాత్రం వినబడేది, నిద్ర పోనివ్వనిది ఈగ. ‘జాస్’లోని పసుపు పీపా చేసిన పనిని ఇందులో ఈగ రొద చేస్తుంది.

నిజం జంతువులకూ తెర జంతువులకూ పొంతన తక్కువ. 1898లో తూర్పు ఆఫ్రికాలో సావో నది మీద రైలు వంతెన కడుతుండగా రెండు సింహాలు కూలీలను ఎత్తుకుపోయాయి. ఆ కూలీల్లో ఎక్కువమంది మన దేశం నుంచి వెళ్లినవాళ్లు. ఇంజనీరు ప్యాటర్సన్ చివరకు రెంటినీ కాల్చి, 135 మందిని తిన్నాయని తర్వాత రాసుకున్నాడు. ఆ సింహాల తోళ్లు, పుర్రెలు చికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉన్నాయి. 2009లో వాటి ఎముకలు, వెంట్రుకల్లోని ఐసోటోపులు పరీక్షించి, అవి తిన్నది 35 మంది దాకా ఉంటుందని అంచనా వేశారు. ఒక సింహానికి కోరపన్ను విరిగి, వేరు దగ్గర చీముగడ్డ కట్టింది. అడవిదున్నను పట్టాలంటే దవడ గట్టిగా బిగించాలి, పంటినొప్పితో అది కుదరదు, మనిషైతే మెత్తన. నేపాల్‌లోనూ కుమావూన్‌లోనూ కలిపి 436 మందిని చంపిందంటున్న చంపావత్ ఆడపులిని 1907లో జిమ్ కార్బెట్ కాల్చినప్పుడు, దానికీ కుడివైపు కోరలు విరిగి ఉన్నాయి. నరభక్షకి అంటే చాలాసార్లు వైద్యం అందని రోగి. 1996లో సావో కథను ‘ద ఘోస్ట్ అండ్ ద డార్క్‌నెస్’ పేరుతో సినిమా తీసినప్పుడు పంటినొప్పి పక్కకు పోయింది. పైగా సావో సింహాలకు జూలు లేదు, సినిమా సింహాలకు దట్టమైన జూలు పెట్టారు. జూలు లేకపోతే జనం దాన్ని సింహమని ఒప్పుకోరు కదా.

హిచ్‌కాక్ ‘ద బర్డ్స్’ (1963) వెనక ఉన్న సంఘటన నాకు ఆ సినిమా కంటే ఇష్టం. 1961 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతం ఒడ్డున, కాపిటోలా ఊళ్లో, తెల్లవారుజామున సముద్రపక్షులు గుంపులు గుంపులుగా వచ్చి ఇళ్ల కప్పులకూ కార్లకూ గుద్దుకున్నాయి. వీధినిండా సగం అరిగిన చేపలు కక్కాయి. హిచ్‌కాక్ అప్పటికే డాఫ్నీ డు మారియర్ రాసిన పక్షుల కథ మీద కన్నేసి ఉన్నాడు, స్థానిక పత్రికలో ఈ వార్త చూసి వివరాలు తెప్పించుకున్నాడు. సినిమాలో పక్షులకు ఎందుకు పిచ్చెక్కిందో ఆయన చెప్పలేదు, అదే దాని గొప్పతనమని విమర్శకులు అన్నారు. సముద్రశాస్త్రజ్ఞులు ఊరుకోరు. 1961లో ఆ అఖాతంలో పట్టి దాచిన జంతుప్లవకాల నమూనాలను సిబెల్ బార్గు బృందం అర్ధశతాబ్దం తర్వాత తీసి చూసింది. వాటి కడుపుల్లో డొమోయిక్ ఆమ్లాన్ని తయారుచేసే సూక్ష్మ శైవలాలు నిండి ఉన్నాయి. ఆ విషం చిన్న చేపల ద్వారా పక్షులకు చేరి, మెదడులో నాడీకణాలను అతిగా రెచ్చగొట్టి, దిక్కు తెలియకుండా చేస్తుంది. దాడి చేయడానికి వచ్చినట్టు కనబడినవి నిజానికి మూర్ఛలో ఉన్న రోగులై ఉండాలి.

సొరచేప దగ్గర మాత్రం ఈ పొంతనలేనితనం నవ్వుతో పోలేదు. ప్రపంచం మొత్తం మీద మనిషి రెచ్చగొట్టకుండా సొర కరిచే ఘటనలు ఏడాదికి అరవై డెబ్బై, చావులు సగటున ఆరు. మనిషి చేతిలో ఏటా చచ్చే సొరలు సుమారు పది కోట్లని బోరిస్ వర్మ్ బృందం 2013లో అంచనా కట్టింది. ‘జాస్’ నవల రాసిన పీటర్ బెంచ్లీ మిగిలిన జీవితాన్ని చాలావరకు సముద్రజీవుల రక్షణకు వెచ్చించాడు. స్పీల్‌బర్గ్ కూడా 2022లో తన విచారం చెప్పాడు. నా మటుకు నేను ఈ పాపం అంతా సినిమా నెత్తిన రుద్దను. సొరలను తుడిచిపెడుతున్నది వలలు, రెక్కల వ్యాపారం. మన కోస్తా జిల్లాల్లో పాలసొరను ఉడికించి, ముళ్లు తీసి, అల్లం వెల్లుల్లితో పొడిపొడిగా చేసే సొరపిట్టు బాలింతకు పాలు పడతాయని పెడతారు. కాకినాడలో ఏ బాలింతకూ ఆ పళ్లెంలో హంతకుడు కనబడడు.

తమాషా ఏమిటంటే ‘జాస్’లోనే ఒకచోట నిజమైన సొర ఒక మనిషి ప్రాణం కాపాడింది. ఆస్ట్రేలియా సముద్రంలో రాన్, వాలెరీ టేలర్ దంపతులు అసలు తెల్లసొరలను చిత్రీకరిస్తుండగా ఒకటి ఖాళీ బోను తీగల్లో చిక్కుకుని గింజుకుంది. ఆ దృశ్యం ఎంత బాగా వచ్చిందంటే దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. బోనులో మనిషి లేడు గదా, అందుకని నవలలో చనిపోయే హూపర్ అనే పాత్రను సినిమాలో బోనులోంచి తప్పించి బతికించారు.

ఇక పాములు. 1997 నాటి ‘అనకొండ’లో పాము మనిషిని మింగి, కక్కితే, ఆ కక్కిన మనిషి కన్ను కొడతాడు. ఇష్టంగా చూస్తాం. మరోపక్క మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో పాము కాటుకు చనిపోయినవారు దాదాపు 12 లక్షలని, అంటే ఏడాదికి సగటున 58 వేలని 2020లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. చావులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చచ్చేది ఎక్కువగా పల్లెల్లో, వానాకాలంలో.

వీటిలో కట్లపాము మీద ఎవరూ భయానక చిత్రం తీయలేరు. అది బుస కొట్టదు, పడగ ఎత్తదు, తరమదు. రాత్రి తిండి వెతుక్కుంటూ ఇంట్లోకి వచ్చి, నేల మీద పడుకున్న మనిషి అటూ ఇటూ దొర్లితే కరుస్తుంది. కోరలు చిన్నవి కాబట్టి నొప్పి దోమకాటంత. వాపు ఉండదు, గాటు కనబడదు. చాలామంది లేవను కూడా లేవరు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. అప్పటికి ఆసుపత్రిలో విషవిరుగుడుతోపాటు వెంటిలేటర్ కూడా కావలసి వస్తుంది. ఆగ్నేయ నేపాల్ గ్రామాల్లో జరిపిన ఒక పరిశీలన 2007లో వచ్చింది. దోమతెర కట్టుకుని పడుకునేవాళ్లకు పాముకాటు బాగా తక్కువని అందులో తేలింది. ఆ తెర కొన్నది దోమల కోసమే.